పెన్‌డ్రైవ్ ముట్టని సారు

మొన్నీమధ్య లారీలు తూచే మా వేబ్రిడ్జికి బోల్టులు కావలసి విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. కొట్టు యజమాని బిల్లు కొట్టడానికి కంప్యూటర్ ఆన్ చేసి, చేతులు కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. నల్ల తెర మీద రెండు తెల్లటి వరసలు వచ్చాయి. మొదటిది విండోస్. రెండోది ఇంగ్లీషు అక్షరాల్లో ‘సార్ దారి’. కింద అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. అవి సున్నాకి వచ్చేదాకా మెషిన్ కదలదు. ఆ మనిషి రైల్వే గేటు దగ్గర ఆగినవాడిలా అలవాటైన విసుగుతో నిలబడి ఉన్నాడు.

అది ఎవరి పనో నాకు తెలిసినా, ఎవరు పెట్టారని అడిగాను. ఎవరో సారు పెట్టారని, ఆ రెండో వరస తీసెయ్యడం తన దగ్గరకొచ్చే కుర్రాళ్ళెవరికీ చేతకావడం లేదని, ఆయన్నే పిలిపించి తీయించుకుందామంటే ఆమధ్య పోయారని చెప్పాడు. పోయిన మనిషి గురించి చెప్పే గొంతు కాదది. అద్దెకున్నవాడు గోడకి కొట్టి వదిలేసి వెళ్ళిన మేకు గురించి చెప్పే గొంతు.

ఆయన పోయారని నాకు తెలిసింది అలాగే.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. విజయవాడలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తగల్లేదు. ఎప్పుడో ఏదో కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవారట. ఏ కాలేజీ అని అడిగితే “చాలా చోట్ల చేశామండీ” అనేవారు. తన గురించి చెప్పేటప్పుడు ఆయన ఎప్పుడూ ఒక్కరు కారు.

కంప్యూటర్ బాగుచేసేవాళ్ళు ఎవరొచ్చినా వీపున ఒక సంచీ ఉంటుంది. అందులో వైర్లు, స్క్రూడ్రైవర్లు, గుత్తిలా కట్టిన పెన్‌డ్రైవ్‌లు ఉంటాయి. ఈయన ఉత్త చేతులతో వచ్చేవారు. ఇస్త్రీ చొక్కా, టక్ చేసిన ప్యాంటు, జేబులో రెండు చేతిరుమాళ్ళు, చంకలో మంచినీళ్ళ సీసా. గుమ్మంలో ఆగి, సీసా కింద పెట్టి, రెండు అరచేతులూ ముందుకు చాపి అటూ ఇటూ తిప్పి చూపించేవారు, గారడీవాడు ఆట మొదలుపెట్టే ముందు చూపించినట్టు. “ఏమీ తేలేదండీ. ఉన్నదాంట్లోనే దారి ఉంటుంది” అన్నాకే లోపల అడుగుపెట్టేవారు.

ఈ దారి ఏమిటో తెలియకపోతే ఆయన గురించి చెప్పడం కష్టం. కంప్యూటర్లో విండోస్ పాడైతే మళ్ళీ కొత్తగా ఎక్కించాలి. లోకంలో అందరూ ఆ సరుకంతా ఒక పెన్‌డ్రైవ్‌లో పోసుకొచ్చి, దాన్ని మెషిన్‌కి గుచ్చి, అక్కణ్ణుంచి మెషిన్ని లేపి పని కానిస్తారు. సారు అలా చేయరు. మెషిన్ లోపలి హార్డ్‌డిస్కులోనే ఒక చివర చిన్న గది కడతారు. పాత విండోస్ కుంటుతూనైనా నడుస్తుండగానే ఇంటర్నెట్ నుంచి సరుకు దింపి ఆ గదిలో పోస్తారు. మెషిన్ లేచేటప్పుడు ఆ గదిలోంచి కూడా లేవచ్చని మొదట్లో వచ్చే ఆ నల్ల తెర మీద ఒక వరస రాస్తారు. అదే ‘సార్ దారి’. ఇక అక్కడ కూర్చుని పాత విండోస్ ఉన్న పెద్ద గదిని పడగొట్టి కొత్తది కడతారు. వంటింట్లో కాపురం పెట్టి హాలు బాగుచేయించుకోవడం లాంటిదని ఆయనే చెప్పేవారు.

ఇది గొప్ప విద్యే, కాదనను. పెన్‌డ్రైవ్ లేనివాడికి, పెట్టే చోటు లేనివాడికి ప్రాణం లేచివచ్చే విద్య. కానీ ఈయన పెన్‌డ్రైవ్ ఉన్నవాళ్ళకి కూడా ఇదే చేసేవారు. ఎందుకంటే పెన్‌డ్రైవ్ ఎంగిలి.

నిజంగా ఆ మాటే అనేవారు. జిరాక్సు షాపులో పెట్టింది, నెట్ సెంటర్లో పెట్టింది, ఎవడి మెషిన్ నోట్లోనో నానింది తెచ్చి మన మెషిన్ నోట్లో పెడతారా అని అడిగేవారు. దేనికీ చిరాకుపడని మనిషి, ఎవరైనా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీస్తే మాత్రం కుర్చీ వెనక్కి జరిపేవారు. కంప్యూటర్లకి కూడా మడి ఉంటుందని, దాన్ని కాపాడే బాధ్యత తనకి అప్పగించారని ఆయన నమ్మకం. ఎవరు అప్పగించారో మాకు తెలియదు.

పని చేసే తీరు కూడా పూజలాగే ఉండేది. కుర్చీ మీద ఒక చేతిరుమాలు పరిచి కూర్చునేవారు. రెండోది కీబోర్డు మీద కప్పేవారు. చేతులు దాని కిందకి పోనిచ్చి, ముఖం తెరకి జానెడు దూరంలోకి తీసుకెళ్ళి, పెదవులు కదుపుతూ నొక్కేవారు. తను నొక్కేవి ఎవరూ చూసి నేర్చుకోకూడదట. మధ్యలో ఏదైనా తేడా వస్తే వెనక్కి వాలి, “ఇది కంపెనీవాళ్ళ తప్పండీ” అనేవారు. ఏ కంపెనీ అని ఎవరూ అడగలేదు. తప్పు ఎప్పుడు జరిగినా సిద్ధంగా ఉండే కంపెనీ అది.

మా వేబ్రిడ్జి స్లిప్పులకి కాగితం చుట్టలు వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో కొంటాను. ఒకసారి నేను వెళ్ళేసరికి సారు అక్కడ ఉన్నారు. కొట్టు షావుకారు అల్లుడు హైదరాబాద్‌లో ఇలాంటి పనే చేస్తాడు. సీలు కూడా విప్పని కొత్త పెన్‌డ్రైవ్ తెచ్చి, మావయ్యా దీంతో అయితే అరగంట పని అన్నాడు. సారు దాన్ని చేతిలోకి తీసుకోలేదు. బల్ల మీద పెట్టించి, దూరంనుంచే చూసి, ఫ్యాక్టరీలో దీన్ని ఎవడి మెషిన్‌లో పెట్టి పరీక్ష చేశాడో మీకు తెలుసా అని అడిగారు. అల్లుడికి నిజంగానే తెలియదు. దాన్ని గుమ్మం అవతల పెట్టి రమ్మన్నారు. ఉద్యోగస్తుడు, కొత్త అల్లుడు, ఏమనుకున్నాడో ఏమో లేచి వెళ్ళి తోపుడుబండి మీద అట్టపెట్టెల పక్కన పెట్టి వచ్చాడు.

ఆ రోజు ఆ కొట్లో బిల్లింగ్ లేదు. వచ్చిన వాళ్ళకల్లా షావుకారు సాయంత్రం రమ్మని చెబుతున్నాడు. సారు ముందు గది కట్టారు. ఆ తర్వాత సరుకు దించారు, సగంలో నెట్ పోతే మళ్ళీ మొదటినుంచి దించారు. శుద్ధిగా చేస్తే టైమ్ పడుతుందని మధ్యమధ్యలో అందరికీ నచ్చజెప్పారు. నేను బజారు పనులన్నీ చూసుకుని చుట్టలు తీసుకుందామని తిరిగి వచ్చేసరికి మెషిన్ లేచి కూర్చుంది. సారు భోజనం ముగించిన మనిషిలా చేతులు తుడుచుకుంటున్నారు. షావుకారు నన్ను పక్కకి పిలిచి, పని మాత్రం కచ్చితంగా చేశారని, ఇవాళ బేరమే కాలేదని, రెండూ ఒకే గొంతుతో చెప్పాడు. అల్లుడు బయటికి వెళ్ళి చూస్తే తోపుడుబండి లేదు.

అయినా ఆయన్ని మా ఊరు పిలిపించింది నేనే. చెప్పానుగా, చోటు లేనివాడికి ప్రాణం లేచివచ్చే విద్య అని. ఆ చోటు లేనివాళ్ళం మేమే.

మాది హనుమాన్ జంక్షన్‌లో, హైవే పక్కన లారీల్ని తూచే వేబ్రిడ్జి. మా ఆయన లారీ మీద తిరుగుతూ ఉంటారు. కిటికీ దగ్గర కుర్చీ మా అత్తయ్యది, కంప్యూటర్ ముందు కుర్చీ నాది. అత్తయ్యది కొల్లేటి పక్క ఊరు. వయసులో ఉన్నప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట అమ్మిన మనిషి. లారీ వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడగానే ఆవిడ చూసి బరువు చెప్పేస్తుంది. మెషిన్ చెప్పే బరువు వేరుగా ఉంటే మెషిన్ వంకే అనుమానంగా చూస్తుంది.

మా పక్కనే చేపలు ఐసులో పెట్టి లారీలకెక్కించే ప్యాకింగ్ షెడ్డు. ఆ చెమ్మకి మా కంప్యూటర్‌కి ముందువైపు ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టే కంతలన్నీ తుప్పు పట్టాయి. వెనకవైపు మిగిలినవాటి సంగతి ఎలుకలు చూసుకున్నాయి. కీబోర్డు, ప్రింటరు పాతకాలం వేరే కంతల్లో ఉండబట్టి బతికాయి. సీడీ పెట్టే డ్రాయరు ఎప్పుడో బిగుసుకుపోయింది. కొత్త మెషిన్ కొందామంటే బరువు లెక్కించే సాఫ్ట్‌వేర్ దీంట్లో తప్ప నడవదు. అది చేసిచ్చినవాళ్ళు దుకాణం ఎత్తేశారు. వచ్చిన ప్రతి కుర్రాడూ పెన్‌డ్రైవ్ చేత్తో పట్టుకుని, మెషిన్ చుట్టూ ప్రదక్షిణ చేసి, గుచ్చడానికి చోటు లేక వెళ్ళిపోయాడు. అప్పుడే నాకు సారు గుర్తొచ్చారు.

ఆయన వచ్చి, అరచేతులు చూపించి, మెషిన్ వెనక్కి వంగి చూసి, చాలాసేపు అలాగే ఉండిపోయారు. లేచేసరికి ముఖం వెలిగిపోతోంది. ఇది పుణ్యం చేసుకున్న మెషిన్ అని, దీని నోట్లో ఎవడూ ఏమీ పెట్టలేడని అన్నారు. ఆయన జీవితమంతా వెతుకుతున్న మెషిన్ మా తుప్పు గదిలో దొరికింది.

ఆ రోజు పని బాగానే అయింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది కానీ అయింది. మాకు కొత్త విండోస్ వచ్చింది, దాంతోపాటు ‘సార్ దారి’ కూడా వచ్చింది. మళ్ళీ ఎప్పుడైనా పాడైతే సరుకంతా ఆ గదిలోనే ఉంటుందని, తను వచ్చి ఆ దారిలోకి అడుగుపెడితే చాలని చెప్పారు. మేం మాత్రం ఆ దారిలోకి వెళ్ళకూడదు.

వేరే సంగతి కూడా ఆ రోజే తెలిసింది. అత్తయ్య కుండలోంచి మంచినీళ్ళు ముంచి స్టీలు గ్లాసుతో అందిస్తే ఆయన చెయ్యి చాపలేదు. సీసా చూపించి, డాక్టరు బయటి నీళ్ళు వద్దన్నాడని చెప్పారు. టీ ఇస్తే గ్యాస్ అన్నారు. అరటిపళ్ళు పెడితే షుగరన్నారు. చేపల లారీ వచ్చి కిటికీ దగ్గర ఆగితే రెండో చేతిరుమాలు కీబోర్డు మీంచి లేచి ముక్కు మీదకి వచ్చింది. అప్పుడు కీబోర్డుకి మడి లేకపోయినా ఫరవాలేదు.

మధ్యాహ్నం ఆయన హైవే అవతల ఉన్న హోటల్‌కి వెళ్ళి టీ తాగి, రెండు అరటిపళ్ళు తిని, మూతి తుడుచుకుంటూ వచ్చారు. అత్తయ్య కిటికీలోంచి అంతా చూసింది. ఆయన వెళ్ళాక గ్లాసులో నీళ్ళు తనే తాగేసి, ఆ డాక్టరెవరోగానీ మన గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళినట్టున్నాడని మాత్రం అంది. ఆ తర్వాత కూడా చిన్నాచితకా పనులకి ఆయన వచ్చినప్పుడల్లా నీళ్ళు ఇస్తూనే ఉంది. ఆయన వద్దంటూనే ఉన్నారు. అది మర్యాదగా మొదలై పట్టుదలగా మారింది, ఇద్దరికీ.

ఇలా ఉండగా ఒక వేసవిలో కరెంటు పోతూ వస్తూ మెషిన్ని చంపేసింది. సరిగ్గా చేపలు జోరుగా వెళ్ళే రోజులు. లారీలు తూకం వేయించుకోకుండా కదలవు. బరువు అంకెలు తూకం డబ్బా మీద కనిపిస్తూనే ఉంటాయి కానీ, చేత్తో రాసిన స్లిప్పు అవతలి కొనుగోలుదారులు ఒప్పుకోరు. కంప్యూటర్ స్లిప్పే కావాలి. ఏలూరు వైపు రోడ్డు మీద కొత్తగా ఇంకో వేబ్రిడ్జి వచ్చింది. ప్యాకింగ్ షెడ్డు మేనేజరు బాషా గారు మంచివారే, కానీ ఐసు కరుగుతుంటే మంచితనం ఎంతసేపు ఆగుతుంది? మధ్యాహ్నం దాకా చూస్తాననీ, ఆ తర్వాత లారీలన్నీ అటు పంపించేస్తాననీ చెప్పారు. ఒకసారి అటు మరిగిన లారీలు మళ్ళీ మా వైపు తిరగవు. మా ఇల్లు గడిచేది ఆ షెడ్డు లారీల మీదే.

సారు మొదటి బస్సుకే వచ్చారు. అరచేతులు చూపించారు. ఎండ అప్పటికే మండుతోంది. ‘సార్ దారి’ మీద నొక్కగానే నీలం తెర వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను. ఇక పాత గది పడగొట్టి కొత్తది కట్టడమే.

అక్కడ ఆగిపోయిన లారీల డ్రైవర్లంతా మా కిటికీ దగ్గరే చేరారు. ఆయనకి జనం ఉంటే హుషారు. అందులో ఒకతను, పెన్‌డ్రైవ్ లేదు, సీడీ లేదు, ఉత్త చేతుల్తో ఎలా ఎక్కిస్తున్నారు సారూ అని అడిగాడు. ఇంక చూసుకోండి. ఆయన సగం అటు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. వంటింట్లో కాపురం, హాలు బాగుచేయడం, అంతా చెబుతున్నారు. చెయ్యి చేతిరుమాలు కింద తన పని తాను చేసుకుపోతోంది. పాత విండోస్ ఉన్న పెద్ద గది తీసేశారు. దాని పక్కనే ఇంకో చిన్నది కనిపించింది. మెషిన్ ఏదో అడిగింది. ఆయన డ్రైవరు వంక చూస్తూనే సరేనన్నారు.

ఆ చిన్నది ఆయన కూర్చున్న వంటిల్లే.

తర్వాతి తెరలో ఫైళ్ళు కనబడటం లేదని వచ్చింది. ఆయన తెర వైపు తిరిగారు. ఆపి మళ్ళీ ఆన్ చేశారు. నల్ల తెర, మూలన మినుకుమినుకుమనే ఒక గీత, అంతే. విండోస్ లేదు, దారీ లేదు. బయటినుంచి ఏదైనా పెడదామంటే పెట్టే చోటే లేదు. పుణ్యం చేసుకున్న మెషిన్ కదా.

“కంపెనీవాళ్ళ” అని మొదలుపెట్టారు గానీ పూర్తిచేయలేదు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తుడిచారు. డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని మెల్లగా జారుకున్నారు. సారు చొక్కా వీపుకి అంటుకుపోయింది. సీసా ఎత్తి చూస్తే అందులో చుక్క లేదు. రోడ్డు దాటి హోటల్‌కి వెళ్ళే ఓపిక ఆయన కాళ్ళలో ఉన్నట్టు లేదు. “అమ్మా, కొంచెం మంచినీళ్ళు” అన్నారు.

అత్తయ్య లేచింది. ఆయన చేతిలోంచి ఖాళీ సీసా తీసుకుంది. కుండ దగ్గర కూర్చుని, ఒలక్కుండా మూతిదాకా నింపింది. తెచ్చి ఆయనకిచ్చి, చాలా మామూలుగా, “మీ సీసాలోనే పోశాను సారూ, మా గ్లాసు ఎంగిలవకుండా” అంది.

ఆయన వింటూనే తాగారు. సీసా సగం అయ్యేదాకా దించలేదు. ఆ దాహం చూస్తే నాకు ఏమనుకోవాలో తెలియలేదు. అత్తయ్య వెళ్ళి తన కుర్చీలో కూర్చుని రోడ్డు వంక చూస్తోంది.

తర్వాత ఆయన చేసిన పని మాత్రం నేను ఊహించలేదు. చొక్కా చేతులు మడిచి, స్క్రూడ్రైవర్ ఉందా అని అడిగారు. ఉత్త చేతులతో వచ్చిన మనిషి మరి. ఒక లారీ క్లీనరు దగ్గర ఉన్న మోటుది తెచ్చి ఇచ్చాం. మెషిన్ విప్పి హార్డ్‌డిస్కు ఊడదీసి, చేతిరుమాల్లో చుట్టి, బాషా గారి ఆఫీసులో కంప్యూటర్ ఉందిగా, పదండి అన్నారు. డిస్కు వదిలిపెట్టకుండా వెంట వెళ్ళమని అత్తయ్య నాకు కళ్ళతో చెప్పింది.

ఆ ఆఫీసుకి షెడ్డులోంచే దారి. అడుగున ఐసు నీళ్ళు, పొలుసులు, జారుడు. సారు ప్యాంటు మోకాళ్ళ దాకా ఎగలాక్కుని, చెప్పులు చేత్తో పట్టుకుని, చేపల ట్రేల మధ్య నడిచారు. ముక్కుకి అడ్డం పెట్టుకోవడానికి చేతిరుమాలు ఖాళీగా లేదు. ఒకటి డిస్కుకి చుట్టారు, రెండోది మా గదిలోనే మర్చిపోయారు. బాషా గారి గదిలో ఒకటే కుర్చీ, అందులో ఆయనే ఉన్నారు. సారు ఒక ఖాళీ చేపల ట్రే బోర్లించుకుని దాని మీద కూర్చున్నారు.

డిస్కుని ఆ మెషిన్‌కి తగిలించి, మళ్ళీ గది కట్టి, మళ్ళీ సరుకు దించారు. ఈసారి కీబోర్డు మీద ఏమీ కప్పలేదు. అప్పుడే నేను మొదటిసారి ఆయన నొక్కడం చూశాను. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటున్నారు. ముక్కు కీబోర్డుకి తగిలేంత వంగుతున్నారు. తెర మీద వరసల కింద వేలు పెట్టి, అది జారిపోతే మళ్ళీ మొదటికి వస్తున్నారు. కాసేపటికి తెర వంకే చూస్తూ, ఇక్కడ ఏం రాసుందో మీరొకసారి చదవండమ్మా అన్నారు. చదివాను. ఆ తర్వాత ప్రతి తెరా నేను చదవడం, ఆయన విని, కాసేపు ఆలోచించి నొక్కడం. ఎక్కడా తడబడలేదు. ఏ వరస తర్వాత ఏది వస్తుందో నేను చదవకముందే చెబుతున్నారు. విద్యకి లోటు లేదు, చూపుకే.

బాషా గారు బయటికెళ్ళి లారీలని ఇంకాసేపు ఆగమని చెప్పి వచ్చారు. ఆయన గదిలో లేని ఆ కాస్త సమయంలో సారు గొంతు తగ్గించి, “నా కళ్ళ సంగతి మీ అత్తగారికి చెప్పకండమ్మా” అన్నారు. చెప్పనన్నాను.

మధ్యాహ్నం దాటింది. డిస్కు తెచ్చి మా మెషిన్‌లో బిగించి ఆన్ చేస్తే ‘సార్ దారి’ వచ్చింది. ఈసారి నేను చదివాను, ఆయన నొక్కారు, పెద్ద గదిలో కొత్త విండోస్ ఎక్కింది, పక్క గది భద్రంగా ఉంది. సాఫ్ట్‌వేర్ వేరే గదిలో ఉండటం వల్ల దానికేం కాలేదు. ఒక్క లారీ కూడా ఏలూరు వైపు పోలేదు. మొదటి స్లిప్పు ప్రింటరులోంచి బయటికొచ్చిన చప్పుడుకి డ్రైవర్లు కిటికీ దగ్గరికి మళ్ళీ చేరారు.

అత్తయ్య అందరికీ టీ తెప్పించింది. ఒక గ్లాసు తనే తీసుకెళ్ళి సారుకిచ్చింది. చేపల నీళ్ళలో నడిచి, చేపల ట్రే మీద కూర్చుని, మా కుండలో నీళ్ళు తాగిన మనిషి కదా, ఇంక అడ్డేముంటుంది అనుకున్నాను. ఆయన మెషిన్ వంక ఒకసారి చూసుకున్నారు. అది నడుస్తోంది. చొక్కా చేతులు కిందికి దించి గుండీలు పెట్టుకున్నారు. “గ్యాస్ అమ్మా” అన్నారు. ఓడిపోయినంతసేపే ఆయన మామూలు మనిషి. పని గెలవగానే మడి తిరిగి వచ్చేసింది.

తర్వాత ఈ కథ విజయవాడలో ఆయన నోటినుంచే వినిపించడం మొదలైంది. కాగితం చుట్టల షావుకారు నాతోనే చెప్పాడు, మీ జంక్షన్లో ఏదో చేపల తూకం దగ్గర సారు మెషిన్‌ని పూర్తిగా చంపి మళ్ళీ బతికించారటగా అని. పాత గదిలో దోషం ఉందని కనిపెట్టి కావాలనే తీసేశారట. ఆ వాసనలో రోజంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా పని చేశారట. ఆ షావుకారు చెబుతుంటే వింటూ నిలబడ్డాను. నాకు కోపం రావలసింది. వచ్చింది కూడా. అంతకన్నా ముందు నవ్వొచ్చింది. ఆ రోజు ఆయన తాగిన తీరు ఇంకా నా కళ్ళముందే ఉంది.

మా అత్తయ్య కూడా ఊరుకోలేదు. తన కథ తను చెబుతూనే ఉంది, తూకానికి వచ్చిన ప్రతి డ్రైవరుకీ. ఆ డ్రైవర్లు వైజాగ్ నుంచి హౌరా దాకా మోసుకెళ్ళారు. ఆ ఇద్దరి కథల్లో ఎవరిది ఎక్కువ దూరం వెళ్ళిందంటే లారీల మీద వెళ్ళినదే.

ఆయన్ని ఆఖరుసారి చూసింది విజయవాడలో ఒక కళ్ళాసుపత్రిలో. మా అమ్మకి శుక్లం తీయించడానికి వెళితే, వరండాలో బెంచీ మీద ఒక కంటికి పట్టీతో కూర్చుని ఉన్నారు. పక్కన ఎవరూ లేరు. పలకరిస్తే గొంతుని బట్టి పోల్చుకుని, మెషిన్ నడుస్తోందా అన్నారు. బ్రహ్మాండంగా నడుస్తోందని చెప్పాను. తనకి షుగరు వల్ల కంటి వెనక ఏదో అయిందని, ఈ డాక్టర్లకి చేతకావడం లేదని అన్నారు. ఆ కంపెనీ తప్పేనేమో అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

కాసేపు మాట్లాడాక, అడగలేక అడుగుతున్నట్టు, మీ అత్తగారు ఆ రోజు సంగతి ఎవరికైనా చెబుతుంటారా అని అడిగారు. అబద్ధం ఎందుకు, అందరికీ చెబుతుందని చెప్పాను. ఏమని అన్నారు. సారు మా కుండలో నీళ్ళు తాగారని చెబుతుందన్నాను. ఆయన పట్టీ లేని కన్ను మూసుకుని ఆలోచించారు. క్షమించమంటారేమో, నవ్వేస్తారేమో అనుకున్నాను.

“సీసాతో తాగామని కూడా చెప్పమనండి” అన్నారు.

నర్సు పిలిస్తే లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళారు. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దన్నారు.

ఆటోనగర్ నుంచి బోల్టులతో తిరిగి వచ్చాక అత్తయ్యకి సారు పోయారని చెప్పాను. ధాన్యం ట్రాక్టరొకటి తూకం మీద ఉంది. అది వెళ్ళాక, పిల్లలున్నారా అని అడిగింది. ఒక కూతురుందని విన్నానన్నాను. పాపం, పనిమంతుడే, అంది. ఆవిడ నోట ఆయన గురించి మంచిమాట అదే మొదటిసారి వినడం. నాకు మనసు ఆగలేదు. ఇంక మాట దాచి మాత్రం ఎవరికి లాభం అనిపించి, ఆ రోజు షెడ్డులో ఆయన కళ్ళ సంగతి చెప్పేశాను. అక్షరాలు కనపడకే ఆ చిన్న గది పొరపాటున తీసేశారని, తెర మీదవి నేను చదివితే తప్ప ఆయన ముందుకి వెళ్ళలేకపోయారని, నీకు చెప్పొద్దని బతిమాలారని అన్నాను. ఆవిడ జాలిపడుతుందనుకున్నాను.

అత్తయ్య లేచి కుండ మీద స్టీలు గ్లాసు సరిగ్గా బోర్లించింది.

“అంత కళ్ళు కనపడని మనిషికి, గ్లాసు మనదని ఎట్టా కనపడిందే” అంది.